ఎనిమిది సాసర్ల మరమ్మతు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది అమ్మ, నాన్న, నానమ్మ, నేను. కుట్టుమిషన్‌ని కూడా లెక్కవేయాలి. దాని గొంతు నా గొంతుకన్నా పెద్దది.

నాన్న ఉద్యోగం బస్సు టికెట్ల కౌంటర్లో. వీధిలో మాత్రం ఆయన్ని "ఇంజనీరు గారు" అంటారు. పదకొండు స్క్రూడ్రైవర్లున్న మనిషిని ఇంకేమంటారు? వాటికో గది కావాలని నాన్న కోరిక. ఉన్న చిన్నగదిలో అమ్మ కుట్టుమిషన్ పెట్టుకుని, పాత బట్టలతో సంచులు కుడుతుంది.

"మిషన్ని వసారాలోకి జరుపు. ఇది నా వర్క్‌షాపు" అన్నాడు నాన్న.

"ఇక్కడ పని జరుగుతోందండీ. షాపు ఇంకెక్కడైనా పెట్టుకోండి."

"నీ మిషన్ గడగడలాడుతోందిగా. సాయంత్రానికి బాగుచేస్తే గది నాది."

"చెయ్యకపోతే?"

"ఈ గడప తొక్కను. ఒట్టు!"

"అత్తయ్యా, విన్నారుగా!" అని అమ్మ పక్కింటికి వెళ్లిపోయింది.

విప్పడంలో నాన్నను మించినవాళ్లు లేరు. నేల మీద ఎనిమిది సాసర్లు వరసగా పేర్చి, విప్పిన స్క్రూలు విప్పిన క్రమంలోనే వాటిలో వేశాడు.

"చూశావా అమ్మడూ, ఇదీ పద్ధతి! బిగించేటప్పుడు చివరి సాసరు నుంచి వెనక్కి రావడమే. కాపలా ఉండు, నూనె తెస్తా."

నాన్న అటు వెళ్లాడో లేదో నానమ్మ ఇటు వచ్చింది. పింగాణీ నేల మీద కనిపిస్తే నానమ్మకు ప్రాణం ఒప్పదు.

"నానమ్మా... అవి..." అన్నాను. తర్వాతి మాట నా నోట్లో తయారయ్యేలోపు సాసర్లన్నీ వంటింట్లో ఉన్నాయి.

నాన్న తిరిగొచ్చాడు. "అమ్మా! నా సాసర్లేవి?"

"కడిగి బోర్లించానురా."

"వాటిలో స్క్రూలు?"

"అన్నీ ఒకే డబ్బాలో పోసి మూత పెట్టాను. ఒక్కటి పోతే నన్నడుగు."

నాన్న డబ్బా వంక చూశాడు, మిషన్ వంక చూశాడు, నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

ఇక పట్టినచోటల్లా బిగించాడు. నాలుగింటికి మిషన్ లేచి నిలబడింది, మూడు స్క్రూలు మిగిలాయి.

"ఇవి కంపెనీవాళ్లు ఎక్కువ వేసినవి" అని మిషన్ పెడలు తొక్కాడు. సూది కిందికి దిగింది. మళ్లీ పైకి రాలేదు.

"దిగిందిగా! సగం బాగైనట్టే."

అప్పుడే అమ్మ వచ్చింది. "ఏమండీ, పొద్దున ఇది గడగడలాడుతూనైనా కుట్టేది."

"ఆ చప్పుడు పోయిందా లేదా?"

"పోయింది. దాంతోపాటు ప్రాణం కూడా."

నాన్న గడప దాటి బయట నిలబడ్డాడు. అమ్మ స్క్రూలన్నీ ఒక గుడ్డ మీద పోసి, పొడుగునుబట్టి ఏరుతూ ఒక్కొక్కటే బిగించసాగింది. నెలనెలా దాన్ని విప్పి నూనె వేసుకునేది అమ్మేనట. నాన్నకు ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. నాకూ.

కాసేపటికి గుమ్మంలోంచి నాన్న మెడ సాగింది. "ఆ పొడుగుది ఎక్కడ బిగిస్తున్నావు?"

"లోపలికొస్తే కనిపిస్తుంది."

"ఒట్టేశానుగా..."

"ఇంజనీరుకు ఒట్టు. నా దగ్గర పని నేర్చుకునేవాడికి కాదు. టార్చి పట్టుకోండి."

నాన్న ఆలోచించినట్టు నటించి, తల వంచుకుని లోపలికి వెళ్లాడు. అమ్మ చెప్పినచోట వెలుగు పడేలా బుద్ధిగా కూర్చున్నాడు. వెనకాలే నేను తల దూర్చాను. నాకు అంతా అయోమయంగా ఉంది. ఓడినవాడు గదిలో ఉన్నాడు, మొహం చూస్తే గెలిచినవాడిలా ఉన్నాడు.

"నాన్నా, ఇంతకీ గది ఎవరిది?" అన్నాను.

నాన్న టార్చి ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో నా మొహం మీదే తలుపు మూసేశాడు.