దయ్యం వెనక వరుస

బయ్యారం మండలంలో ఒక తండా వాళ్లూ, పక్క ఊరి వాళ్లూ భయపడే శక్తిని పూర్తిగా కోల్పోయారని హైదరాబాదులోని ఒక వీడియో గేముల కంపెనీ ప్రాథమికంగా నిర్ధారించింది. ఈ విషయం లోకానికి తెలియడానికి ఆ తండా బిడ్డ ఉపేందరే కారణం.

ఉపేందర్ రెండేళ్లు తిండీ నిద్రా మానుకుని ఒక దయ్యాల ఆట తయారుచేశాడు. ఆడేవాడికి తెరమీద తన చేతులు, టార్చిలైటు తప్ప ఒళ్లు కనిపించదు. పాడుబడ్డ గోదాములో కళ్లు తెరుస్తాడు. బయటపడటానికి ఒకే తలుపు, దానికి తాళం. తలుపు ముందు జుట్టు విరబోసుకుని, వీపు మనవైపు తిప్పి నిలబడ్డ దయ్యం. దాన్ని దాటబోతే వెనక్కి తిరుగుతుంది. ఇక ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తాల్సిందే. ఆడి చూసిన కంపెనీ ఉద్యోగులిద్దరు జ్వరం సెలవు పెట్టారు. అయినా, ఆటలంటే తెలియని జనం మీద పరీక్షించాలని నిబంధన ఉంది. జనం జడుసుకుంటే ఉపేందర్ ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఊస్టింగు. అందుకని సొంతూరి కమ్యూనిటీ హాలు కిటికీలు మూయించి పెద్ద తెర కట్టాడు.

ముందు పక్క ఊరి రైతు ఐలేశ్ కూర్చున్నాడు. దయ్యాన్ని చూడగానే దాని వెనక నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ముందుకు పోవేమని ఉపేందర్ అడిగితే ఆశ్చర్యపోయాడు.

"గామె నాకంటె ముందుగాల వచ్చింది తమ్మీ. దాటిపోతె లొల్లి గాదా?"

తర్వాత నర్సమ్మ. ఆమె కాసేపు దయ్యం వెనక ఉండి, మీటలన్నీ తడిమి చూసింది.

"చెప్పులిడిసే బటన్ ఏది బిడ్డా? లైన్ల పెట్టి జర నీడకు కూసుంట."

అలాంటి బటన్ లేదంటే, ఇదేం ఆటని పెదవి విరిచి లేచిపోయింది. ఉపేందర్ తల్లి సుక్కి మాత్రం ఓపికగా ఆడింది. పిల్లలెందరని, ఆధార్ జిరాక్సు తెచ్చుకున్నావా అని దయ్యాన్ని పలకరించింది.

ఇందులో వాళ్ల తప్పు వెతకకూడదు. నాట్లు పడ్డప్పటినుంచి యూరియా బస్తా కోసం సొసైటీ ముందు వరుసలో చెప్పులు పెట్టి బతుకుతున్నారు. మూసిన తలుపూ దాని ముందు ఒక వీపూ కనిపిస్తే వెనక చేరడం వాళ్లకు ఊపిరి తీసినంత సహజం. దీన్నే క్రమశిక్షణ అంటారు. అధికారులు పలు సభల్లో అభినందించారు కూడా.

కంపెనీ మేనేజరు మధు కారులో దిగి, హాల్లో ప్రసంగించాడు. "భయం మానవజాతి ఉమ్మడి సంపద. అందులో మీ వాటా మీరు వదులుకోవడం బాధాకరం." సాయంత్రంలోగా ఒక్క కేకైనా వినిపించకపోతే ఆఫీసులో అతని కుర్చీలో వేరేవాడు కూర్చుంటాడని ఉపేందర్ చెవిలో చెప్పాడు.

ఉపేందర్‌కు ఏడుపొక్కటే తక్కువ. గబగబా ఆటలో ఒక మార్పు చేశాడు. తలుపు పక్కన చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఒక చెయ్యి బయటికొచ్చి అట్టముక్క తగిలిస్తుంది: స్టాక్ లేదు, రేపు రండి.

హాలు దద్దరిల్లింది. ఐలేశ్ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. నర్సమ్మ గుండె పట్టుకుని కూలబడింది. సుక్కి తెర దాకా పోయి ఆ చేతికి దండం పెట్టింది.

"వరి ఎర్రబడ్డది సారూ. ఒక్క బస్తన్న ఇయ్యుండ్రి."

ఇది ఆటేనని ఉపేందర్ తల్లి భుజం పట్టుకుని చెప్పాడు. ఆమె వినలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. మధు మాత్రం మహదానందంగా ఇదంతా ఫోనులో చిత్రీకరించుకున్నాడు. ఉద్యోగం పర్మినెంటయింది.

ఆట విడుదలైంది. నగరాల్లో ఆడినవాళ్లు దయ్యాన్ని తెగ మెచ్చుకున్నారు, అచ్చం నిజంలా ఉందన్నారు. కిటికీ సీనే అతిగా ఉందని, ఈ రోజుల్లో అలా ఎక్కడా జరగదని, చదువుకున్నవాళ్లంతా ఏకాభిప్రాయానికి వచ్చారు. కంపెనీ తీసేయమంది. ఉపేందర్ ఒక పూట అన్నం మానేసి, మరునాడు తీసేశాడు.

ఆ రోజే సుక్కి సొసైటీ ముందు వరుసలోంచి ఫోను చేసింది. ఉపేందర్ ఎత్తలేదు. మీటింగులో ఉన్నాడు. తర్వాతి ఆటలో పల్లెటూరిని మరింత సహజంగా చూపించడం ఎలా అని అక్కడ చర్చ నడుస్తోంది.