వెనక వైపు ఖాళీ

శుక్రవారం ఉదయం పార్థసారథి రోజూకంటే గంట ముందు లేచి, తలస్నానం చేసి, నాలుగు వందల పన్నెండు కాగితాల కట్టను దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాడు. మొదటి కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టాడు. అది అతను తొమ్మిదేళ్లుగా రాస్తున్న నవల. ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. పోస్టులో పంపే గడువు ఆఖరి అధ్యాయం దిద్దుకోవడంలోనే దాటిపోయింది. ఇక మిగిలింది ఆ సాయంత్రం అయిదు లోపల సోమాజిగూడలో ఉన్న వాళ్ల ఆఫీసుకి వెళ్లి చేతికివ్వడం.

వేసుకున్న పథకం సులువైనదే. మియాపూర్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో ఆఫీసుకి వెళ్తాడు. రెండింటికి పర్మిషన్ తీసుకుని బయటపడి, అమీర్‌పేటలో దిగి ఆటో ఎక్కుతాడు. మూడున్నరకల్లా నవల పత్రికవాళ్ల బల్ల మీద ఉంటుంది.

"మధ్యాహ్నం దాకా ఎందుకండీ? ఇటివ్వండి, నేను పదింటికే బయల్దేరి ఇచ్చేసొస్తాను," అంది భార్య జయలక్ష్మి, పొయ్యి దగ్గర నుంచే.

"నీకు తెలీదులే. వాళ్లేదన్నా అడిగితే ఏం చెప్తావు? నవల దేని గురించో కూడా తెలీదు నీకు."

"మీరు చెప్తేగా తెలిసేది."

"అచ్చయ్యాక చదువుదువుగాని."

ఈ మాట అతను తొమ్మిదేళ్లుగా అంటున్నాడు. మొదట్లో జయలక్ష్మి ఒక్క పేజీ అయినా చదవమని అడిగేది. తరవాత పండగలకి మాత్రం అడిగేది. ఆ తరవాత మానేసింది. ఆ రోజు ఆమె పసుపు గుడ్డ తెచ్చి, కట్టను పొందికగా చుట్టి, ముడి వేసి చేతికిచ్చింది.

పార్థసారథి పనిచేసేది సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే అయినా, అతని పని సాఫ్ట్‌వేర్ కాదు. కాగితాలు, పెన్నులు, ఫైళ్లు అతని చేతి కింద ఉంటాయి. వాటితో పాటు ష్రెడ్డర్ కూడా. అవసరం తీరిన కాగితాలను సేమ్యాలా కోసిపడేసే యంత్రం అది. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని చెప్పి పెంచిన ఇంట్లోంచి వచ్చినవాడికి ఆ యంత్రాన్ని అప్పగించడంలో దేవుడి ఉద్దేశం ఏమిటో తెలియదు. అందులోనూ చాలా కాగితాలు ఒక వైపే అచ్చయి, వెనక తెల్లగా మెరిసిపోతూ ఉండేవి. సరస్వతిని సేమ్యా చేయడానికి అతనికి చేతులు రాలేదు. రోజుకి అయిదారు కాగితాలు క్యారేజీ సంచిలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. వాటి ఖాళీ వైపున నవల రాశాడు. దీన్ని అతను దొంగతనం అనుకోలేదు, పూజ అనుకున్నాడు. ఒకే పని ఆ రెండూ కావచ్చా అన్న సందేహం రాకపోలేదు. వచ్చినప్పుడల్లా ఇంకో పేజీ రాశాడు.

రెండు గంటలకి గేటు దగ్గర బ్యాగు బల్ల మీద పెట్టినప్పుడు గానీ అతనికి గుర్తు రాలేదు, లోపలికి వచ్చేటప్పుడు కాగితాలెవరూ చూడరని, బయటికి వెళ్లేటప్పుడు చూస్తారని. అయిదారు కాగితాలు క్యారేజీ గిన్నెల మధ్య ఇమిడిపోతాయి. నాలుగు వందల పన్నెండు ఇమడవు.

"ఏంది సార్, ఇయ్యాల బ్యాగు గింత బరువున్నది?" అన్నాడు సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇశ్రాయేలు.

"పుస్తకం, ఇశ్రాయేలూ."

పసుపు గుడ్డ చూడగానే ఇశ్రాయేలు చేతులు వెనక్కి తీసుకున్నాడు. బోరబండలో ప్రతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి వాక్యం చదివే మనిషి అతను. పుస్తకమంటే భయం, భక్తి రెండూ ఉన్నాయి. "దేవుని పుస్తకమా సార్? నేను ముట్టుకోవచ్చునా?"

అవునంటే సరిపోయేది. ముడి కూడా విప్పకుండా పంపేవాడు. కానీ పొద్దున దేవుడి గూట్లో పెట్టిన కట్ట మీద చెయ్యి ఉంచి అబద్ధమాడడానికి పార్థసారథికి నోరు రాలేదు.

"దేవుడిది కాదు. నేనే... నవల రాశాను."

"నవలనా? మీరా? సార్, గింత పెద్దదా!" ఇశ్రాయేలు మొహం విప్పారింది. సంతోషంతో చేతులు తుడుచుకుని, ముడి విప్పి, మొదటి కాగితాన్ని కళ్లకద్దుకుని, రెండో పేజీ కోసం తిప్పాడు. వెనక ఎర్రటి అచ్చులో 'కాన్ఫిడెన్షియల్' అని ఉంది. దాని కింద, తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగంలోంచి తీసేసినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి.

ఇశ్రాయేలు కాగితాన్ని అలాగే బల్ల మీద పెట్టాడు.

"నేను తిప్పకపోయినా బాగుండు సార్," అన్నాడు ఇశ్రాయేలు నెమ్మదిగా.

"మళ్లీ ఇటు తిప్పెయ్యి."

"నేను తిప్పుత. ఆ కెమెరా తిప్పదు గదా. పైకి ఫోన్ చెయ్యకుంటే నా నౌకరీ పోతది. ఫికర్ చెయ్యకుండ్రి, నవల అని నేనే చెప్త."

పై నుంచి వినయ్ దిగి వచ్చాడు. కంపెనీ సమాచారం బయటికి పోకుండా చూసే ఆఫీసరు, ముప్ఫై ఏళ్లుండవు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంకుల్, ఈ సైడ్ లిస్ట్ అర్థమైంది. ఈ సైడ్ ఏంటి?"

"నవల బాబూ. తెలుగే."

"తెలుగని తెలుస్తోంది. చదవడం రాదు నాకు. ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నా, మార్కులొస్తాయని."

"అయితే సంస్కృతం వచ్చా?"

"అదీ రాదు. ఇందులో కంపెనీ మేటర్ ఏమీ లేదని నాకెలా తెలియాలి? ఎవరైనా చదివి చెప్పాలి. మీరు కాదు. ఈ కేసులో మీరు పార్టీ కదా."

అలా చేతిరాత తెలుగు చదవగలిగేవాళ్ల కోసం వెతికారు. ఫోన్లో ఇంటివాళ్లతో తెలుగులో పోట్లాడే పిల్లలు అంతస్తుకి వంద మంది ఉన్నారు గానీ, అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు కూడా దొరకలేదు. చివరికి దొరికింది మళ్లీ ఇశ్రాయేలే. తొమ్మిదో అంతస్తులో అద్దాల మీటింగు గదిలో అతన్ని కూర్చోబెట్టారు. పార్థసారథి మూలన నిలబడ్డాడు. టైము రెండూ నలభై.

అంతకుముందు గేటు దగ్గర కాఫీకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు లిస్టు అన్న మాట విన్నారు. లిఫ్టులో ఆ మాట పైకి వెళ్లింది. నాలుగో అంతస్తు దగ్గర లిస్టు ఈ ఏడాదిదైంది. ఏడో అంతస్తు దగ్గర ఈ నెలదైంది. తొమ్మిదో అంతస్తు చేరేసరికి, తీసేసేవాళ్ల పేర్లు సెక్యూరిటీ ఆయన లోపల చదువుతున్నాడని, సాయంత్రానికి మెయిళ్లు వస్తాయని తేలిపోయింది. అద్దాలకి ముక్కులు ఆనించి ముప్ఫై మంది నిలబడ్డారు.

వినయ్ ఎంత చెప్పినా వాళ్లు నమ్మలేదు. విసుగొచ్చి తలుపు తీశాడు. "లిస్టూ లేదు, ఏమీ లేదు. స్టోరీ ఇది. కావాలంటే వచ్చి వినండి!"

అందరూ లోపలికి వచ్చారు.

ఇశ్రాయేలు గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు రంగనాయకి లేచి, వాకిలి గడియ తీసి, అతడు పారవేసిన కాగితములను ఏరుకొనెను."

"ఏరుకుంది అని ఉంటుంది," అన్నాడు పార్థసారథి మూల నుంచి.

"అలవాటు సార్."

"రంగనాయకి ఏ టీమ్?" అని ఒకమ్మాయి భయంగా అడిగింది.

"టెస్టింగేమో," అన్నాడు పక్కనున్నతను. "గడియలూ అవీ తీస్తోంది."

రంగనాయకి ఏ టీమూ కాదు. తునిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఒక మనిషి భార్య. ఆ మనిషి ఒక చిన్న మాట పట్టింపుతో ఆమెతో మాట్లాడడం మానేస్తాడు. ఏళ్లు గడిచిపోతాయి. ఆమె రోజూ అన్నం పెడుతుంది. అతను టైపు చేసి నలిపి పడేసిన కాగితాలు ఏరి, చేత్తో సాపు చేసి, ట్రంకు పెట్టెలో దాస్తుంది. వాటిల్లో తనకో మాట ఉంటుందేమోనని.

పదో పేజీకి గదిలో గుసగుసలు ఆగాయి. ఇరవయ్యో పేజీకి ఒకరిద్దరు నేల మీద కూర్చున్నారు. టీ ఇచ్చే పుణ్యవతి ట్రే పట్టుకుని వచ్చి, ట్రే దించడం మరిచిపోయి అలాగే నిలబడింది. తొమ్మిదేళ్లలో పార్థసారథి తన వాక్యం ఇంకొకరి నోట వినడం అదే మొదలు. అది కొంచెం బైబిలులా వినిపించినా సరే.

మూడున్నరకి వినయ్ చేతులెత్తేశాడు. "ఓకే అంకుల్, అర్థమైంది. కంపెనీ మేటర్ లేదు. మీరు రాసిన సైడ్ మాత్రం ఇక్కడే జిరాక్స్ తీసుకోండి. ఒరిజినల్స్ మీరే ష్రెడ్ చెయ్యాలి, ఇశ్రాయేలు సాక్షిగా. వార్నింగ్ లెటర్ సోమవారం. ఇక వెళ్లండి, మీకేదో డెడ్‌లైన్ అన్నారుగా."

టైముంది. జిరాక్స్‌కి ఇరవై నిమిషాలు, ష్రెడ్డర్‌కి ఇంకో పావుగంట. మెట్రోలో వెళ్తే అయిదుకి పది నిమిషాల ముందే సోమాజిగూడ చేరవచ్చు.

"సార్, తర్వాత ఏమైంది?" అన్నాడు నేల మీద కూర్చున్న కుర్రాడు. "ఆవిడ పెట్టె తీసిందా?"

పార్థసారథి గోడ గడియారం చూశాడు. కుర్రాడి మొహం చూశాడు. ఎవరూ బలవంతం చేయలేదు. తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ మాట తన నోటి నుంచే వచ్చిందన్నది మాత్రం మారలేదు.

"ఇంకొక్క అధ్యాయం చదువు, ఇశ్రాయేలూ."

ఇశ్రాయేలు ఏ పుస్తకాన్నీ తొందరగా చదివే రకం కాదు. ఒక అధ్యాయం మూడు అధ్యాయాలైంది. పావు తక్కువ అయిదుకి, రంగనాయకి పెట్టె మూత మీద చెయ్యి వేసి ఉండగా, ముప్ఫై ఫోన్లు ఒక్కసారి మోగాయి. ఏదో మీటింగు. ముప్ఫై మందీ లేచారు. "సూపర్ సార్," అంటూ వెళ్లిపోయారు. పెట్టె తీసిందా అని అడిగిన కుర్రాడు అందరికంటే ముందు వెళ్లాడు.

గదిలో పుణ్యవతి మాత్రం మిగిలింది.

"ఆఖర్కి ఏమైతది సార్? నాకు గూడ బస్సు టైమైతున్నది."

"అతను ఒక్క మాట మాట్లాడతాడు. ఆవిడ క్షమిస్తుంది."

"ఒక్క మాటకేనా?" పుణ్యవతి చల్లారిన టీ కప్పులు సర్దుకుంది. "మీ ఇంట్ల అమ్మ సదివిందా సార్ ఇది?"

పార్థసారథి చెదిరిన కాగితాలు వరసగా పేర్చుకోసాగాడు. ఆమె కాసేపు చూసి, ట్రే తీసుకుని వెళ్లిపోయింది.

జిరాక్స్ పూర్తయ్యేసరికి అయిదు దాటింది. పత్రిక ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, వచ్చే పోటీకి పంపండి సార్ అంది. ఎప్పుడమ్మా అంటే, ఇంకా అనుకోలేదండీ అంది.

తరవాత ష్రెడ్డర్. పార్థసారథి ఒక్కొక్క కాగితాన్నీ కళ్లకద్దుకుని లోపలికి వదిలాడు. పసుపు మూలల మొదటి కాగితం దగ్గర చెయ్యి ఆగింది. సాక్షిగా నిలబడ్డ ఇశ్రాయేలు టోపీ తీశాడు.

"జర ప్రార్థన చెయ్యాల్నా సార్?"

"చెయ్యి," అన్నాడు పార్థసారథి. ఆ క్షణాన ఏ దేవుడైనా ఫరవాలేదనిపించింది.

ఇల్లు చేరేసరికి జయలక్ష్మి దీపం పెడుతోంది. "ఇచ్చారా?" అంది వెనక్కి తిరగకుండానే.

జరిగిందంతా చెప్పాడు. దాచడానికి ఓపిక లేదు. ఆమె మధ్యలో ఆపలేదు.

"ఎంతమంది విన్నారు?"

"ముప్ఫై మంది దాకా."

"టీ ఇచ్చే ఆవిడ కూడానా?"

"ఆవిడ కూడా."

జయలక్ష్మి పసుపు గుడ్డ దులిపి మడత పెట్టింది. "నాకిచ్చుంటే పదకొండున్నరకి ఇచ్చేసొచ్చి పప్పు తాలింపు పెట్టేదాన్ని," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది పార్థసారథికి.

"చదవనా?" అన్నాడు.

"ఇప్పుడా? ఇంకా అచ్చు కాలేదుగా."

అతను తల దించుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, చదవండి. మరీ మెల్లిగా వద్దు."

శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం దీపాలవేళకి ముగించాడు. జయలక్ష్మి రెండు చోట్ల నవ్వింది. రంగనాయకి కాగితాలు సాపు చేసే చోట మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లింది. కుక్కర్ అప్పటికింకా కూత వేయలేదు. ఆఖరి పేజీ అయ్యాక ఆమె లేచి దీపంలో నూనె పోసింది.

"బాగోలేదా?" అన్నాడు భయంగా.

"బాగుంది. చివర మాత్రం తప్పండీ. అన్నేళ్లు మాట్లాడనివాడు ఒక్క మాట అనగానే ఆవిడ ఎలా క్షమిస్తుంది? అంత తొందరగా క్షమించదు."

"మరి ఎప్పుడు క్షమిస్తుంది?"

"నాకేం తెలుసు? రాసేది మీరు." జయలక్ష్మి జిరాక్స్ కట్ట తీసుకుని, మీది కాగితాన్ని తిరగేసి చూసింది. మెరిసే తెల్లటి కొత్త కాగితం. "వెనక అంతా ఖాళీయే కదా. రాయండి."

అప్పటి నుంచి పార్థసారథి ఏ పూటకాపూట రాసింది ఆ పూటే ఆమెకి చదివి వినిపిస్తున్నాడు. ఇప్పటికి అరవై పేజీలయ్యాయి. ఆవిడ ఇంకా క్షమించలేదు.