ఖాళీ ఫోను తిరిగివ్వరాదు

ఆ పొద్దున సుచరిత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సుకు హాలియా వెళ్లాలి, స్నేహితురాలి ఇంట్లో కూర్చోవాలి, పదకొండు గంటలకు హైదరాబాద్ కంపెనీవాళ్ల ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు హాజరు కావాలి. నందికొండలో వాళ్లుండే ఇరిగేషన్ క్వార్టర్లలో ఫోను మోగితే కిటికీ దగ్గరికి పరుగెత్తాలి, వీడియో ఆడాలంటే దేవుడికి దండం పెట్టుకోవాలి. డిగ్రీ అయిపోయి ఎన్నో దరఖాస్తులు పెట్టగా పెట్టగా వచ్చిన మొదటి పిలుపు ఇది. అందుకే పిల్ల ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, బ్యాగు తగిలించుకుని గడప దాటబోయింది.

"ఇంట్ల బాపు ఉండంగ హాలియా దాక ఎందుకు బిడ్డా?" అన్నాడు దశరథ్.

చెడిందంతా అక్కడే చెడింది.

దశరథ్ కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్. నీటిమట్టం కొలవడం ఆయన కొలువు. ఒక్కచోట కొలిస్తే నమ్మడు. ఒడ్డున కొలుస్తాడు, నడుమ కొలుస్తాడు, తూము దగ్గర మళ్లీ కొలుస్తాడు. ఇంట్లో పప్పులో ఉప్పు కూడా గిన్నెకు మూడు వైపులా రుచి చూసిగానీ ఒప్పుకోడు. అలాంటి మనిషి కన్నకూతురు సిగ్నల్ కోసం ఊరు దాటిపోతానంటే ఊరుకుంటాడా?

"సిగ్నల్ లేకపోవుడేంది? ఏ కంపెనీ సిమ్ము, ఏ ఫోన్ల, ఏ జాగాల మంచిగ అందుతదో కొలిస్తే తెలుస్తది. జర ఆగు, చిటికెల తేల్చేస్త" అన్నాడు.

"పిల్లను పోనియ్యయ్యా. నీ కొలతలు కాల్వకాడ పెట్టుకో" అంది వంటింట్లోంచి భార్య స్వర్ణ.

పెళ్లాం వద్దన్న పని మానేస్తే మగాడి పరువేం కాను? కూతురి బ్యాగు తీసి మంచం మీద పెట్టి, ఆమె ఫోను చేతిలోకి తీసుకున్నాడు దశరథ్. బస్సు వెళ్లిపోయింది. సుచరిత చెప్పులు విడిచి మంచం మీద కూర్చుంది. బాపు మీద ఆ పిల్లకు అప్పటికింకా నమ్మకం ఉంది.

దశరథ్ సొంత ఫోను పాత బటన్ల ఫోను. అది కొలతకు పనికిరాదు. అందుకని పక్క క్వార్టర్ పుష్పమ్మ ఫోను అడిగి తెచ్చాడు. తర్వాత వెనక వీధిలో ఉండే ఏసోబు దగ్గరికి వెళ్లాడు. ఏసోబు సాగర్ జలాశయంలో బుట్టలాంటి పుట్టి పడవ వేసుకుని చేపలు పడతాడు. "నీ ఫోన్ స్పీడు పరీక్ష చేసిపెడుత, తే" అన్నాడు దశరథ్, ఏదో మేలు చేస్తున్నవాడిలా. సారు అడిగితే కాదంటాడా! ఇచ్చేశాడు ఏసోబు.

ఇక చూడండి. సుచరితది నీలి కంపెనీ సిమ్ము, పుష్పమ్మది ఎర్ర కంపెనీ, ఏసోబుది పచ్చ కంపెనీ. స్వర్ణ చెవికమ్మ కొనతో పొడిచి పొడిచి సిమ్ములు బయటికి తీశాడు. దీన్ని దాంట్లో, దాన్ని దీంట్లో పెట్టి వాకిట్లో చూశాడు, పెరట్లో చూశాడు, స్నానాల గది వెనక చూశాడు. ఎర్రది వాకిట్లో ఉరికి పెరట్లో కూలబడింది. నీలిది పుష్పమ్మ ఫోనులో నిద్రపోయి, సుచరిత ఫోనులో లేచి కూర్చుంది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏం సారూ, టవరేస్తుండ్రా?" అని అడిగితే, "సూద్దాం, సూద్దాం" అని గంభీరంగా తలూపాడు కూడా.

చివరికి తేలిందేమిటంటే, పచ్చ సిమ్ము, సుచరిత ఫోను, పుష్పమ్మ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన. అక్కడ వీడియో కాలువకు నీళ్లొదిలినట్టు వచ్చింది. దశరథ్ మీసం దువ్వుకుంటుండగానే కింది నుంచి ఏసోబు కేక వేశాడు.

"సారూ, ఫోన్ ఇయ్యుండ్రి. చేపలకు పొద్దుపోతున్నది, పొయ్యొస్త."

దశరథ్ దువ్వుతున్న మీసం వదిలేశాడు. పచ్చ సిమ్ము ఏసోబుది. మధ్యాహ్నం దాకా ఉండనివ్వమని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ ఏసోబును అడగడం దశరథ్ వల్ల కాదు. ఎందుకు కాదో తర్వాత చెబుతాను. అడగకుండా ఉంచుకుంటే దొంగతనం. ఖాళీ ఫోను ఇద్దామంటే, ఇరుగింటి నుంచి తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం ఆ ఇంటా వంటా లేదు. కూర తెచ్చుకున్న గిన్నెలో పిడికెడు చక్కెరైనా వేసి పంపుతారు. దశరథ్ అట్లాగే చేశాడు. ఏసోబు ఫోనులో కూతురి నీలి సిమ్ము పెట్టి, మూత బిగించి, "ఇగో, మంచిగ సూసుకో" అని అందించాడు. ఖాళీగా ఇవ్వలేదు కదా అని మనసు కుదుటపడింది. పుష్పమ్మ ఫోనులో మాత్రం ఆమె సిమ్మే పెట్టి ఇచ్చేశాడు.

పదకొండు కావస్తుండగా డాబా మీద కుర్చీ, బల్ల వేశారు. చూడడానికి స్వర్ణ వచ్చింది, వడియాలు పెట్టే వంకతో పుష్పమ్మ వచ్చింది. సుచరిత లింకు నొక్కింది. తెర ఎంతో వేగంగా తెరుచుకుని, మీ నంబరుకు ఓటీపీ పంపాం, నింపండి అంది.

"బాపూ, ఓటీపీ వస్తలేదు. నా సిమ్మేది?"

"ఏసోబు ఫోన్ల ఉన్నది."

"ఏసోబు ఏడున్నడు?"

దశరథ్ సాగర్ వైపు చూశాడు. సుచరిత కూడా అటే చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఫోన్ చేస్త కద" అని దశరథ్ ఆ ఫోనులోంచే కూతురి నంబరుకు కలిపి, గాలికి వినబడదని స్పీకర్ పెట్టాడు. ఆశ్చర్యం, నీళ్ల నడుమ నుంచి ఏసోబు గొంతు పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. పొద్దుటి నుంచి కొలవని జాగా అదొక్కటే.

"హలో, ఎవలు?"

"నేనే ఏసోబూ, దశరథ్ సారును. నీ ఫోన్లకు ఒక నంబర్ వచ్చింది, జర చదువు."

"నువ్వు దశరథ్ సారువా? నా నంబర్‌కెల్లి నాకే ఫోన్ చేస్తున్నవేందిరా! నేను గిక్కడ పుట్టిల ఉంటే, అవుతల దిక్కు నేనే మాట్లాడుతున్ననా?"

"అరె, సిమ్ము మారింది ఏసోబూ..."

"మొదలు మెసేజ్ వచ్చింది, ఎనుక నువ్వొచ్చినవ్. మొన్న పోలీసోళ్లు చర్చికాడ మీటింగ్ పెట్టి చెప్పిండ్రు, కన్నతండ్రి అడిగినా ఓటీపీ చెప్పొద్దని. నువ్వు నా కన్నతండ్రివి గూడ కాదు."

"ఏసోబూ, నీ కాళ్లు మొక్కుత, పిల్ల బతుకురా!"

అవతల తెడ్డు ఆగినట్టుంది. "గొంతయితే సారుదే లెక్కుంది. సరే, నిజంగ సారువే అయితే చెప్పు. నిరుడు వానకాలం ఎడమ కాల్వకాడ ఏమైంది?"

దశరథ్ ఏసోబును సిమ్ము అడగలేకపోయింది ఇందుకే. నిరుడు కాలువ నిండుగా పారుతుండగా ఏసోబు అందులో పడితే, దశరథ్ ప్రాణాలకు తెగించి దూకి ఒడ్డుకు లాగాడని కాలనీలో అందరూ చెప్పుకుంటారు. పంద్రాగస్టు నాడు ఆఫీసు ముందర దశరథ్‌కు శాలువా కూడా కప్పారు. ఏసోబు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

"ఏమైతది? నువ్వు కాల్వల పడితే నేను దునికి తీసిన" అన్నాడు దశరథ్.

"తప్పు! గది ఊరందరు చెప్పే ముచ్చట. దొంగోళ్లు గూడ గదే చెప్తరు. పెట్టేస్తున్న."

"ఆగు, ఆగు!"

దశరథ్ చుట్టూ చూశాడు. ఒక పక్క స్వర్ణ, ఒక పక్క పుష్పమ్మ, ఎదురుగా బల్ల ముందు కూతురు. పదకొండు దాటిపోయింది. తలకాయ తీసేసినట్టయింది ఆయనకు. భూమి నోరు తెరిస్తే బాగుండుననుకున్నాడు గానీ, కాళ్ల కింద ఉన్నది పుష్పమ్మ డాబా.

"పడ్డది నేను" అన్నాడు నెమ్మదిగా.

"గట్టిగ చెప్పు, గాలికి ఇనవడ్తలే."

"పడ్డది నేను! పాచి మీద కాలు జారింది. నువ్వు జుట్టు పట్టి గుంజినవ్. నా ప్యాంటు కాల్వల కొట్టుకపోతే నీ తువ్వాల కట్టి ఇంటికి పంపినవ్. ఇజ్జత్ పోతదని ఇంటికొచ్చి ఉల్టా చెప్పిన. చాలా?"

"అయ్యో, సారే!" అన్నాడు ఏసోబు. "చదువుతున్న, రాసుకోండ్రి."

మొదటి నంబరుకు గడువు దాటిపోయింది. రెండోది వచ్చింది. ఏసోబు ఒక్కొక్క అంకె పలుకుతుంటే సుచరిత నింపింది. ప్రాణం కాపాడినవాడిని ఇంకో మేలు అడగలేక పొద్దున నోరు మూసుకున్న దశరథ్, ఇప్పుడు తలెత్తలేదు. ఆడవాళ్లిద్దరూ ఏమీ అనకపోవడం ఆయనకు ఇంకా కష్టంగా ఉంది. తిట్టినా బాగుండేది.

తెర మీద ఇంటర్వ్యూ తెరుచుకుంది. కోటు వేసుకున్న ఒకాయన నోరు తెరిచి అట్లాగే నిలిచిపోయాడు. పక్కనున్న ఆవిడ చెయ్యెత్తి అట్లాగే ఉండిపోయింది. ఎంతసేపు చూసినా ఆ నోరు మూతపడలేదు. కాసేపటికి కింద ఒక సందేశం వచ్చింది. మా ఆఫీసులో నెట్ సరిగా లేదు, క్షమించండి, మీ నంబరుకు ఫోన్ చేసి మాట్లాడతాం అని.

"వద్దు!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. తెర ఆరిపోయింది.

దశరథ్ మళ్లీ ఏసోబుకు కలిపాడు. బిజీ. మళ్లీ కలిపాడు. బిజీ. సుచరిత బల్ల మీద తల వాల్చేసింది. "పొద్దుగాల బస్సుకు పోతే అయిపోతుండె బాపూ" అంది, తల ఎత్తకుండానే. దశరథ్ మళ్లీ నంబరు నొక్కాడు. ప్యాంటు కొట్టుకుపోయిన నాడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు ఆయనకు.

చాలాసేపటికి ఏసోబే ఫోను చేశాడు.

"సారూ, ఇంకో దొంగోడు తగిలిండు! సుచరిత ఉన్నదా, పుట్టిన తారీఖేంది, చదువేంది అంటడు. నేను చెప్తనా? ముందు నీ పేరేంది, ఆఫీసేడ, ఎంతమంది పని చేస్తరు, ఆడపిల్లలకు హాస్టల్ ఉన్నదా, జీతం నెలనెలా ఇస్తరా ఎగ్గొడుతరా అని నేనే అడిగిన. పాపం, అన్నిటికీ చెప్పిండు."

"అయ్యో ఏసోబూ! ఎనుక ఏమైంది?"

"ఫోన్ల మాట నాకు నమ్మకం కుదర్లే. గంత నిజమైతే సోమారం పిల్ల మీ ఆఫీసుకే వస్తది, మొఖం సూసి మాట్లాడుండ్రి అన్న. నవ్విండు. గట్లనే పంపుండ్రి, మా నెట్‌ను గూడ నమ్మేటట్టు లేదు అన్నడు. అడ్రస్ మెసేజ్ పెట్టిండు. ఒడ్డుకొచ్చి సూపిస్త."

సుచరిత తలెత్తింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. పుష్పమ్మ వడియాల సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

అందరూ కిందికి దిగాక దశరథ్ ట్యాంకు పక్కన ఒక్కడే మిగిలాడు. కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చిన స్వర్ణను మెల్లగా పిలిచాడు.

"స్వర్ణా, గా కాల్వ ముచ్చట... పుష్పమ్మక్కకు జర చెప్పు. బయట అనొద్దని."

"ఆమెకు ఎరికేనయ్యా. ఆ దినం అవుతలి ఒడ్డున బట్టలుతుకుతున్నది ఆమెనే."

"మరి నీకు?"

"నాకు చెప్పింది గూడ ఆమెనే. నువ్వు తువ్వాలతోని ఇల్లు చేరక ముందే."

దశరథ్ కుర్చీలో కూలబడ్డాడు. "మరి శాలువా కప్పినప్పుడు అందరు అన్ని చప్పట్లు ఎందుకు కొట్టిండ్రు?"

"ఏసోబుకు కొట్టినం" అంది స్వర్ణ. "లే, కుర్చీ కావాలె."

కాలువలో పడ్డనాడే కాలనీలో అందరికీ అందిన కబురు, దశరథ్‌కు చేరడానికి మాత్రం ఏడాది పట్టింది.