డైనింగ్ టేబుల్ మీద ఫ్రాన్సు బెలూన్

అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి. అరవై దాటాక రాయడం నేర్చుకున్నదాన్ని. ఒక పేజీ నిండేలోపు పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతుంది. అయినా ఈ మాట ఇవాళ చెప్పకపోతే దేశానికే నష్టం. ప్రతి ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద, ఒక యుద్ధ బెలూన్ ఉండి తీరాలి!

మా ఇంట్లో ఉంది. మా అబ్బాయి విజయేందర్ చేశాడు. బ్యాంకులో మేనేజరు, తల నెరుస్తోంది. ఆదివారం వస్తే స్నేహితుడు ఐజాక్‌తో కలిసి వేలెడంత లేని బొమ్మ సైనికులతో పాతకాలపు యుద్ధాలు ఆడతాడు. పాచికలు వేస్తారు, టేపుతో కొలిచి సైన్యాన్ని జరుపుతారు. రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు సైన్యం బెలూన్‌కు తాళ్లు కట్టి, బుట్టలో మనిషిని పైకి పంపేదట. శత్రువు ఎక్కడ దాక్కున్నాడో అతను చూసి చెప్పాలి. అలాంటి బెలూన్ కొంటే మజా లేదట. సొంత చేతులతో చేయాలట!

చేశాడు. బర్త్‌డే బెలూన్ ఊది, మైదా జిగురుతో పేపరు ముక్కలు అంటించాడు. వానాకాలం కదా, ఆరలేదు. నా మంచం మీద, ఫ్యాన్ కింద ఆరబెట్టాడు. నేను సోఫాలో పడుకున్నాను. మైదాకు చీమలు పట్టాయి. మా ఇంట్లో జరిగిన అసలు సిసలు దండయాత్ర అదొక్కటే! ఆరాక లోపలి బెలూన్‌ను సూదితో పొడిచాడు. మిగిలిన డొల్ల చుట్టూ నా కుట్టుమిషన్ దారంతో వల అల్లాడు. లోపల ఒక బొమ్మ సైనికుడు కూర్చునే బుట్టకు కొత్త చీపురు పుల్లలు.

"ఏందత్తమ్మా, చీపురు గిట్ల బోడిగైంది?" అంది కోడలు రజిత.

"దేశసేవకు పోయింది బిడ్డా" అన్నాను.

డాబా మీద బట్టల తాడు తెగింది, ముడి వెయ్యరా అని ఉగాది నుంచి అడుగుతున్నాను. టైం లేదంటాడు. అంత సన్నని ముడులు వేసే చేతులకు అంత లావు తాడు ఆనుతుందా, పాపం?

లాభాలు చూడండి! యుద్ధం ఒక ఆదివారంతో తేలదు. మధ్యలో సైనికులను కదపకూడదు. కాబట్టి టేబుల్ తుడిచే పనే లేదు. కూర్చోబెట్టే చోటు లేదు కాబట్టి చుట్టాలూ రారు. రజిత టీవీ ముందు తింటుంది. విజయేందర్ యుద్ధభూమి పక్కన నిలబడి తింటాడు. నేను మంచం మీద, పళ్లెం ఒళ్లో పెట్టుకుని. ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన తక్లీఫ్ తప్పింది!

ఆ టేబుల్ మా ఆయన చేయించింది. ఆయన నిజమైన సైన్యంలో పనిచేశారు. ఇంటికొచ్చాక యుద్ధం మాట ఎత్తలేదు. ఒక్క అలవాటు మాత్రం పోలేదు. పళ్లేల ముందు హాజరు తీసుకునేవారు. "ఒకరు తక్కువున్నరు. ఎవరు రాలే?" అందరూ కూర్చుంటే తప్ప ముద్ద ముట్టేవారు కాదు.

మొన్న ఆదివారం నా పళ్లెం తెచ్చి ఆ టేబుల్ మీదే పెట్టాను.

"అమ్మా, ఆడ పెట్టకు! అది ఫ్రాన్స్!" అని అరిచాడు విజయేందర్.

"ఫ్రాన్స్ అయితే ఏందిరా? జెర జరుపు. పప్పుచారు తిని పోత."

"ఒక్క టర్న్ ఆగమ్మా, ప్లీజ్."

ఐజాక్ మంచివాడు. నాకు కుర్చీ లాగబోయాడు. దాని మీద ఫిరంగులున్నాయి. నిలబడే అడిగాను.

"ఐజాక్, మీ బుట్టల కూసున్నాయనకు ఎవరెవరు కనవడ్తరు నాయనా?"

"దాక్కున్నోళ్లంతా కనిపిస్తరు ఆంటీ. కొండెనక ఉన్నా సరే."

"టేబుల్ అవతలున్నోళ్లు?"

"టేబుల్ దాటితే రూల్స్‌ల లేదాంటీ."

రూల్ రూలే! పళ్లెం తీసుకుని నా మంచం దగ్గరికి వచ్చేశాను.

విజయేందర్, నాయనా, నాదొక్కటే మనవి. ఇంకో బెలూన్ చెయ్యి. చీపురు నేనే కొనిస్తాను. దాన్ని నా గది గుమ్మానికి వేలాడదీసి, బుట్టలో మనిషిని నా మంచం వైపు తిప్పి పెట్టు. అన్నం వేళకు ఎవరు తక్కువున్నారో ఈ ఇంట్లో ఒకడైనా చూడాలి కదా!

శ్యామలమ్మ, డెబ్బై మూడేళ్లు.
ప్రస్తుత నివాసం సైనిక్‌పురి, ఫ్రాన్సు సరిహద్దుకు అవతలి గది.