రాకాసి గొడ్డలి, నా గొడ్డలి

పిల్లల చేత రాకాసి మాటలు రాయించే చదువుకు మించిన మేలు ఈ కొండలకు మరొకటి జరగలేదు! నవ్వకండి. బడికి పంపిన పిల్ల రాకాసై తిరిగొచ్చిందని ఊరంతా సణుగుతోంది. నేను సణగను. నేను మాట్లాడేదే తక్కువ.

నేనూ మూడేళ్లు బడికెళ్లాను. మూడేళ్లూ చేతులు కట్టుకోవడమే నేర్పారు. ఇప్పుడలా కాదు. మా మిషన్ బడిలో దైవాధీనం మాస్టారు సాలూరు నుంచి ఒక మాయల నవల తెచ్చి చదువుతున్నారు. అందులో ఒక కొండ రాకాసి. ఆ కొండ చుట్టూ మంత్రపు గీత గీసి, రాకాసి గొడ్డలి ఎత్తుకుపోయే రాకుమారుడు. ఆయన్ని మోసే మాట్లాడే గుర్రం. చదివి ఊరుకుంటారా? "మీరే ఆ రాకాసి అనుకోండి, మీరే ఆ గుర్రం అనుకోండి, పలక మీద రాయండి" అంటారు!

ఎంత గొప్ప చదువు! గుర్రం వంతు వచ్చిన భీముడనే కుర్రాడు గడ్డి గురించే పలకకు రెండు వైపులా రాశాడు. రాకుమారుడి వంతు ఎవరూ పుచ్చుకోలేదట. గుర్రం మీద కూర్చున్నవాడికి ఏం తోస్తుందో మా పిల్లలకెలా తెలుస్తుంది?

నా మనవరాలు కనకకు రాకాసి వంతు వచ్చింది.

ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడి, గొంతు లావు చేసింది. "నేను కొండ రాకాసిని!"

మా ఇంటిది రత్నాలుకు క్లాసు సంగతి ఏం తెలుసు? మా కొండల్లో ఒకరి నోట మరొకరు పలికితే అది పూనకమే. పూనినవారు అడిగింది ఇచ్చి తీరాలి. పసుపు నీళ్లు చల్లింది. కోడిని కోసింది. దణ్ణం పెట్టింది.

"ఏటి కావాలమ్మా నీకు? బేగి సెప్పు తల్లీ!"

"నా గొడ్డలి నాకియ్యండి!"

రత్నాలు నా వైపు తిరిగింది. "ఇన్నావా? గొడ్డలి తెమ్మంతంది. పో, గార్డుబాబు నడుగు!"

మా గొడ్డలి ఇంట్లో లేదు మరి. రిజర్వు అడవి హద్దు రాయి దాటానని ఫారెస్టు గార్డు పట్టుకుపోయి నెలయింది. ఆ రాయి పాతిందే నా పోడులో. తుప్పలు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, తొలకరికి సామలు చల్లకపోతే ఏడాదంతా మాకు గంజి లేదు. అయినా చట్టం చట్టమే కదా!

కోడి మాత్రం వృథా కాలేదు. రాకాసి కూడా రెండు ముక్కలు తింది.

ఆదివారం బడిలో రాసినవి చదివే పండగ. ముందు బెంచీ మీద గార్డుబాబు. కనక పలక పట్టుకు చదివింది.

"మా తాతలప్పుడు ఈ కొండకు గీత లేదు. నేను మనుషుల్ని తినలేదు. సామల అంబలి తాగాను. గీత గీసినవాడు నన్ను రాకాసి అన్నాడు. నా గొడ్డలి నాకిస్తే నా గింజలు నేను చల్లుకుంటాను."

గార్డుబాబు కళ్లొత్తుకున్నాడు! ఈ కళ్లతో చూశాను. "పాపం రాకాసి! దాని గొడ్డలి దానికిచ్చేస్తే ఆ రాకుమారుడి సొమ్మేం పోయింది మాస్టారూ?" అన్నాడు.

చూశారా, ఈ చదువు మహిమ? రాయిలాంటి మనిషిని కరిగించింది! నేను లేచాను. ఏడాదికి సరిపడా దాచుకున్న మాట ఖర్చు పెట్టాను.

"మరి నాది, బాబూ?"

"ఓరి ముసలోడా, నువ్వు నవల్లో లేవు కదరా!"

నిజమే. తప్పు నాదే. అందుకే దైవాధీనం మాస్టారికి నా విన్నపం. ఈసారి గార్డుబాబుకూ ఒక పలక ఇవ్వండి. నా వంతు రాయమనండి. రెండు వైపులా అక్కర్లేదు, ఒక వైపు చాలు.

తొలకరి లోపల రాస్తే మేలు.