ఫైలు కదలకపోతేనే మేలు

చిన్న వ్యాపారాలకు గ్రాంటు ఇస్తామని మన పెద్దలు ప్రకటించారు. ఇవ్వకుండా ఉండే పని మాత్రం అంతకన్నా శ్రద్ధగా చేస్తున్నారు. వారికి నా నమస్కారాలు!

నవ్వకండి. గ్రాంటు అప్లికేషన్, స్కాట్లాండుకు ఉత్తరాన సముద్రంలో పడున్న మన షెట్లాండు దీవులకు దేవుడిచ్చిన వరం. దాన్ని కనిపెట్టిన మహానుభావుడికి మా రేవులో విగ్రహం పెట్టించాలి. కొటేషన్లు తెప్పించాకే అనుకోండి.

ఎందుకంటారా? మా దీవికి ఉన్న జబ్బు ఒక్కటే, ఫెర్రీ. వచ్చేటప్పుడు పిండి బస్తాలు దించుతుంది, పోయేటప్పుడు ఒక మనిషిని ఎక్కించుకుంటుంది. మా అక్కను, నాతో ఉన్ని వడికిన స్నేహితురాళ్ళను, పక్కింటి వాళ్ళను వరసగా సాగనంపి, చెయ్యి ఊపి ఊపి నా భుజం అరిగిపోయింది. ఎవరైనా కొత్త సూట్‌కేసు కొన్నారని తెలిస్తే ఆ రోజంతా వాళ్ళింటి చుట్టూ కాపలా తిరుగుతాను.

ఈ జబ్బుకు మందేది? తుఫాను ఫెర్రీని ఒకరోజు ఆపుతుంది. పాస్టరు గారి ప్రసంగం అరగంట ఆపుతుంది. గ్రాంటు అప్లికేషనైతే మనిషిని ఏళ్ళ తరబడి ఆపుతుంది!

మా చెల్లెలి మనవరాలు ఓస్లానే చూడండి. రేవు పక్కన, ఒకప్పుడు వలలు పెట్టుకునే పాత కొట్టులో సూపు దుకాణం పెడతానంది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మటన్‌తో సూపు, పెనం మీంచి తీసిన వేడి బన్నకు రొట్టె. ఫెర్రీ కోసం వానలో తడిసే జనానికి అంతకన్నా ఏం కావాలి?

"గ్రాంటు వస్తే ఉంటానమ్మమ్మా. లేదంటే అబర్డీన్ పట్నం పోయి ఏ హోటల్లోనో గిన్నెలు కడుక్కుంటా" అంది.

వెంటనే అద్దాలు పెట్టుకుని ఫారం తెరిచాను. అందులో ఒక రూలు కనిపించింది. నిర్ణయం వచ్చేదాకా అభ్యర్థి దీవి విడిచి వెళ్ళరాదట! ఎంత చల్లని రూలండీ! ఆ రోజు నుంచి ఫైలు కదలకూడదని దేవుడికి మొక్కుకుంటున్నాను. ఆఫీసు వారు నా కోరిక తీరుస్తున్నారు.

నేను బడిలో చదివింది తక్కువ. పాత పేపర్లు ముందు, డిక్షనరీ పక్కన పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. ఈ ఫారం చదివాక నాకు లోకజ్ఞానం పెరిగింది. 'మీ పోటీదారులు ఎవరు?' అని అడిగారు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నేను ఊరికే టీ పోస్తాను కాబట్టి ఓస్లా నా పేరు రాసింది. వెంటనే నా టీ మీద మార్కెట్ సర్వే చేయించమన్నారు! 'కార్లు ఎక్కడ ఆపుతారు?' అన్నారు. మా దీవిలో కార్లను ఆపడం సమస్య కాదు, కదిలించడమే సమస్య. ఐదేళ్ళ తర్వాత ఎంతమంది సూపు తాగుతారో అంచనా వేయమన్నారు. రేపు ఫెర్రీ వస్తుందో రాదో కెప్టెన్‌కే తెలియని చోట! ఆ పైన ఆత్మవిశ్వాసం పెంచే ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. మధ్యలో నెట్ పోయింది. మా పిల్ల ఆత్మవిశ్వాసం సగంలో ఆగింది.

అన్నిటికన్నా అందమైన రూలు ఇంకొకటుంది. మంజూరు కాకముందు వ్యాపారం మొదలుపెట్టకూడదు. ఒక్క గిన్నె సూపు అమ్మినా అప్లికేషన్ చెల్లదు. ఈత నేర్చుకోవడానికి డబ్బిస్తాం గాని నీళ్ళు ముట్టుకోవద్దు అన్నట్టు! మా పిల్ల పొయ్యి చల్లగా ఉంది, జనం వానలో ఉన్నారు, ఫైలు క్షేమంగా ఉంది.

చివరికి హాల్‌క్రో అనే అధికారి తనిఖీకి వచ్చాడు. పక్క దీవి వాడే, నాన్నమ్మ పెంపకం. నేనూ కొట్టులోనే ఉన్నాను. ఓస్లా నమూనాగా ఒక గిన్నె సూపు ఉచితంగా ఇచ్చింది. రొట్టె ముక్కతో గిన్నె అడుగు దాకా తుడుచుకుని తిని లేచాడు. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. పౌండు నాణెం తీసి పిల్ల అరచేతిలో పెట్టి, "మొదటి చెయ్యి ఒట్టిది కాకూడదమ్మాయ్" అన్నాడు.

మన దగ్గర అంతే కదా! కొత్త గడప తొక్కిన మొదటి మనిషి బోణీ చెయ్యకుండా వెళ్తే పొయ్యి ఆరిపోతుందంటారు. వద్దనడం ఇంకా అరిష్టం. ఓస్లా వేళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి.

"చచ్చాం!" అని బల్ల మీద కూలబడ్డాడు హాల్‌క్రో. "నేను కొన్నాను, నువ్వు అమ్మావు. వ్యాపారం మొదలైపోయింది!"

"నాణెం వెనక్కి తీసుకో నాయనా" అన్నాను నేను.

"బోణీ వెనక్కి తీసుకుంటే మా నాన్నమ్మ సమాధిలోంచి లేచొస్తుందండీ!"

"పోనీ, ఊరికే తాగానని రాయి."

"అమ్మో, అది లంచమవుతుంది!"

ఓస్లా పగలబడి నవ్వింది. "ఎలాగూ మునిగాం కదా సార్. ఇంకో గరిటె పొయ్యనా? దీనికీ డబ్బులివ్వాలి మరి."

నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టు రాశాడు. అప్లికేషన్ రద్దయింది. దాంతోపాటే నా చల్లని రూలూ పోయింది. ఇక పిల్లను కట్టి ఉంచేదేముంది? ఫెర్రీ వచ్చే రోజున కర్టెన్ వేసుకుని ఇంట్లో కూర్చున్నాను. కూత వినిపించింది. వెంటనే మటన్ ఉడికే వాసన వచ్చింది.

పరుగున వెళ్ళాను. కొట్టు ముందు జనం వరస కట్టి ఉన్నారు. పైకప్పు కారుతోంది, కింద బకెట్ పెట్టారు.

"బోణీ అయ్యాక మూస్తే అరిష్టం కదమ్మమ్మా" అంది ఓస్లా, గరిటె దించకుండానే. "కూర్చో. వీళ్ళకి ఊరికే టీ పోసి నా పొట్ట మాత్రం కొట్టకు."

ఇంత పొగిడాను కదా, ఒక సంగతి మిగిలిపోయింది. పడవలు బాగుచేసే షెడ్డు పెడతానని మా వీధి కుర్రాడు గిబ్బీ కూడా అప్లికేషన్ పెట్టాడు. చూసి చూసి, రూలునూ ఇంటినీ వదిలేసి ఫెర్రీ ఎక్కాడు. వాడికీ నేనే చెయ్యి ఊపాను. మంజూరు కవరు తర్వాత వచ్చింది. తాళం వేసిన వాడి ఇంటి తలుపు సందులోంచి జారి అక్కడే పడి ఉంది, కిటికీలోంచి చూస్తే కనిపిస్తుంది. దీవుల్లో కుర్రకారును నిలబెట్టే పథకమట అది.

కాబట్టి అయ్యలారా, విగ్రహం సంగతి తర్వాత చూద్దాం. ఈసారి మా రేవుకు వచ్చేటప్పుడు జేబులో నాణెం వేసుకుని రండి. పెన్ను మీ ఆఫీసులోనే వదిలేసి రండి.