మేనేజరు గారి గొడుగు పాట

సోమవారం ఉదయం మిసో పులుసు తాగుతూనే సెరిజావా ఒక నిర్ణయానికి వచ్చాడు. శనివారంలోగా ఒక పాట నేర్చుకోవాలి. గొప్ప పాట కానక్కర్లేదు. సులువైనదైతే చాలు.

అతను ఒసాకా నుంచి తనబె పట్టణంలోని ఊరగాయల కంపెనీ శాఖకు బదిలీ మీద వచ్చి నెల దాటింది. ఊరగాయకు వాడే పుల్లటి ఉమె కాయలన్నీ ఉప్పులో పడ్డాక ఏటా ఆ శాఖ వాళ్ళు స్టేషన్ ఎదురుగా ఉన్న యంత్రంలో సంగీతం వచ్చే కరావోకే గదిలో చేరి, మధ్యాహ్నమంతా పాడుకుంటారు. ఒసాకాలో ఉన్నన్నాళ్ళూ సెరిజావా పళ్ళేలు అందిస్తూ, ఫోను వచ్చినట్టు నటించి బయటికి పోతూ గండం గడిపాడు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. శాఖలో ఉన్నదే గుప్పెడుమంది. ఒకడు బయటికి వెళితే గది బోసిపోతుంది.

"సరిగమల్లో మీకు వచ్చేవి నాలుగే కదండీ. ఆ నాలుగింటిలో సరిపోయే పాట చూద్దాం," అంది భార్య చిహారు, ఫోన్‌లో వెతుకుతూ. "ఇదిగో, గొడుగు పాట. నిదానంగా నడుస్తుంది. సగం పాట లాలాలే. మాటలు మరిచిపోయినా ఎవరికీ తెలియదు."

"చిన్నప్పుడు రేడియోలో వినేవాళ్ళం. అదే ఖాయం చెయ్యి," అన్నాడు సెరిజావా తృప్తిగా.

ఆ రోజంతా కారులో పాడాడు. రాత్రి స్నానపు తొట్టిలో పాడాడు. మర్నాడు ఆఫీసులో చెప్పులు మార్చుకుంటూ చిన్నగా కూనిరాగం తీశాడు. లెక్కల విభాగం చూసే ఇవహాషి గారు టీ పోస్తున్నదల్లా కెటిల్ దించేసింది. జుట్టు నెరిసినా నడుము వంగని మనిషి. ఆ శాఖలో ఆవిడ కంటే పాతవాడు మేనేజరు ఒక్కడే.

"నాయనా, ఆ పాట శనివారానికి కాదు కదా?"

"దానికేనండీ. ఏం?"

"అది కురమిత్సు మేనేజరు గారిది. ఆయన తప్ప ఇక్కడ ఇంకెవరూ దాన్ని ఎత్తుకోరు. నీకు ముందున్న అబ్బాయి తెలియక పాడాడు. ఉత్తరాన మంచు కురిసే చలిదేశానికి బదిలీ అయిపోయింది."

"పాట పాడినందుకా?"

"అందుకని ఎవరూ అనలేదు. అందుకు కాదనీ ఎవరూ అనలేదు."

ఆ సాయంత్రం చిహారు సైకిలు పాట వెతికి ఇచ్చింది. వాలు మీదుగా సైకిలు దిగిపోయే అమ్మాయి గురించి. పల్లవి అంతా ఒక్క మాటే, మళ్ళీ మళ్ళీ. బుధవారం పొద్దున గిడ్డంగిలో అది అందుకోగానే సరుకు తోలే తబుచి వెనకనుంచి వచ్చి నోరు మూసినంత పని చేశాడు.

"ఏం గురూ, బతకాలని లేదా? అది ఇవహాషి గారి పాట!"

"పోనీ, ఆ దీపస్తంభం పాట? మధ్యలో మాటలు చెప్పి ఊరుకుంటారే, అది?"

తబుచి ముఖం ముడుచుకుంది. "అది నాది."

సెరిజావా పీపా మీద కూలబడ్డాడు. లోకంలో సులువైన పాటలన్నిటికీ అప్పుడే యజమానులు ఉన్నారు. మిగిలినవన్నీ గొంతు చీల్చుకునేవే. అతని ముఖం చూసి తబుచికి జాలేసింది.

"ఒక పని చెయ్యి. దీపస్తంభం నీకిచ్చేస్తాను. దానికి బదులు నాకు సైకిలు పాట ఇప్పించు. ఎన్నాళ్ళ నుంచో దానిమీద మనసు. ఆవిడని అడగాలంటే నాకు భయం."

సెరిజావా మధ్యాహ్నం ఇవహాషి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ అన్నం డబ్బాకు మూత పెట్టింది.

"ఇవ్వొచ్చు. ఈ వయసులో సైకిలు దిగే పిల్లలా గెంతడం నాకూ సిగ్గుగానే ఉంది. కానీ నాకు గొడుగు పాట కావాలి. మేనేజరు గారు ఇస్తే, తబుచి సైకిలెక్కొచ్చు."

"మీరే ఒక మాట అడిగితే..."

"నేనా? అవసరం నీది, అడగడం నాదా?"

అలా సెరిజావా సాయంత్రం మిఠాయి పెట్టె పట్టుకుని కురమిత్సు గదిలోకి వెళ్ళాడు. పదవీ విరమణ వయసు దాటినా కంపెనీ కోరిక మీద కొనసాగుతున్న పెద్దమనిషి ఆయన. ఎదురుగా కూర్చోగానే, పాట అని పేరు పెట్టి అడగడానికి సెరిజావాకు నోరు రాలేదు.

"సార్, మీరు ఇన్నేళ్ళుగా మీ దగ్గరే ఉంచుకున్నది... ఇకనైనా ఇంకొకరికి అవకాశం ఇస్తే బాగుంటుందని... పెద్ద మనసు చేసుకుంటారేమోనని..."

కురమిత్సు కళ్ళజోడు తీశాడు. "ఇది నీ ఒక్కడి మాటేనా?"

"కాదు సార్. ఇవహాషి గారు, తబుచి గారు, అందరం మాట్లాడుకున్నాం."

"మాట్లాడుకున్నారు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "అయితే నా తర్వాత ఎవరికి?"

"ఇవహాషి గారికి సార్. ఆవిడకి ఎప్పటినుంచో మనసులో ఉందట."

"నాతో ఒక్క ముక్కైనా అనలేదే!"

"మీరు నొచ్చుకుంటారని సార్."

"ఇందులో నీకేమిటయ్యా లాభం?"

"ఇవహాషి గారిది తబుచి గారికి, తబుచి గారిది నాకు సార్. తబుచి గారిది సులువే, నాలాంటివాడికి కూడా వచ్చేస్తుంది."

"పంపకాలు కూడా అయిపోయాయన్నమాట!" కురమిత్సు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అటు తిరిగే అన్నాడు: "శనివారం అందరిముందూ చెబుతాను. వెళ్ళు. ఆ పెట్టె అక్కడే పెట్టు."

సెరిజావా రెండేసి మెట్లు గెంతుతూ దిగాడు. "ఇచ్చేస్తున్నారు! ఎంత గొప్ప మనసో!"

ఆ తర్వాత మేనేజరు గారి వాలకం వింతగా మారింది. గురువారం గది తలుపు వేసుకుని ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. శుక్రవారం టీ కప్పును పాత పేపర్లో చుట్టాడు. గోడమీది గడియారం దించాడు. అల్మరా మీది మొక్కని చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

"ఒక్క పాట పోతే గడియారం కూడా తీసుకుపోవాలా?" అన్నాడు తబుచి అయోమయంగా.

"పాపం, ప్రాణంలా చూసుకున్న పాట," అంది ఇవహాషి గారు. కానీ ఆ రాత్రి ఆవిడ ఇంటి పక్కవాళ్ళు లాలాలు వింటూనే నిద్రపోయారు.

శనివారం రానే వచ్చింది. కరావోకే గదిలో బీరు సీసాలు తెరిచారు. వేయించిన కోడిముక్కలు రెండో పళ్ళెం చెప్పారు. అందరికంటే ముందు కురమిత్సు మైకు తీసుకున్నాడు. తెర వైపు చూడకుండా అందరివైపూ తిరిగాడు.

"ఇన్నేళ్ళూ దీన్ని నేనే పట్టుకుని వేలాడాను. మీలో ఇంకొకరికి ఆశ ఉంటుందని తట్టనే లేదు. తప్పు నాదే. ఈ రోజుతో దీన్ని ఇవహాషి గారికి అప్పగిస్తున్నాను."

గది చప్పట్లతో హోరెత్తిపోయింది. తబుచి ఈల వేశాడు. అందరికంటే గట్టిగా కొట్టింది సెరిజావా. కురమిత్సు అందరి ముఖాలూ ఒకసారి చూశాడు.

"ఇంత సంతోషమా మీకు! సరే. ప్రధాన కార్యాలయానికి గురువారమే ఫోన్ చేశాను. వాళ్ళూ ఒప్పుకున్నారు."

చప్పట్లు ఆగాయి.

"దీనికి కూడా హెడ్డాఫీసు అనుమతి కావాలా సార్?" అంది ఇవహాషి గారు.

"మేనేజరు మారాలంటే అక్కర్లేదా?"

"మేనేజరు మారడమేమిటి సార్? నేను అడిగింది గొడుగు పాట!"

"ఏ పాట?"

అందరి తలలూ ఒక్కసారిగా సెరిజావా వైపు తిరిగాయి. అతను నుదురు బల్లకి ఆనించేశాడు. చలిదేశానికి మందపాటి కోటు కొనాలి, చిహారుకి ఏమని చెప్పాలి అన్నదే అప్పుడు అతని బుర్రలో ఉంది.

ముందు కురమిత్సు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నారు. నవ్వుతున్నాడు.

"నేను లేకపోతే ఈ శాఖ మునిగిపోతుందని ఇన్నాళ్ళూ నమ్మాను. గురువారం ఆ ఫోన్ పెట్టేసి ఇంటికి వెళ్ళి, మా కమలాపళ్ళ తోటలో సాయంత్రం దాకా తిరిగాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఆ కుర్చీ వెనక్కి ఇస్తానన్నా నాకొద్దు." ఇవహాషి వైపు తిరిగాడు. "నీకు ఇష్టం లేకపోతే చెప్పమ్మా. ఎప్పటినుంచో మనసులో ఉందని ఇతను చెబితే నమ్మాను."

ఆవిడ రుమాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఉంది సార్," అంది చివరికి. "పాట కాదు. కుర్చీయే. ఆడదాన్ని, నన్నెవరు అడుగుతారని ఎప్పుడూ పైకి అనలేదు."

ఈసారి చప్పట్లు నెమ్మదిగా మొదలై చాలాసేపు సాగాయి. తబుచి కళ్ళు తుడుచుకుని, అదను చూసి అడిగాడు. "అయితే సార్, గొడుగు పాట..."

"కుర్చీ ఇచ్చాను కదా! పాట కూడానా? చచ్చినా ఇవ్వను," అన్నాడు కురమిత్సు.

"అలాగైతే సైకిలు నా దగ్గరే ఉంటుంది," అంది కొత్త మేనేజరు.

"దీపస్తంభం కూడా కదలదు," అన్నాడు తబుచి గబగబా.

"సెరిజావా గారూ," అంది ఇవహాషి గారు. మేనేజరుగా అదే ఆవిడ మొదటి ఆజ్ఞ. "ఇదంతా తెచ్చిపెట్టింది మీరు. లేవండి. ఏదో ఒకటి పాడండి."

సెరిజావా లేచాడు. మైకు అందుకున్నాడు. తలలో ఒక్క పాటా లేదు. దిక్కుతోచక, రోజూ పొద్దున్నే గిడ్డంగి ముందు అందరూ కలిసి పాడే కంపెనీ గీతం ఎత్తుకున్నాడు. మంచి ఉప్పు, మంచి ఎండ, మంచి నడవడి అంటూ సాగే పాట. దానికి యంత్రంలో సంగీతం కూడా లేదు. కానీ మొదటి చరణం వినగానే అలవాటు కొద్దీ అందరూ లేచి నిటారుగా నిలబడి గొంతు కలిపారు. కోడిముక్కల పళ్ళెం తెచ్చిన వాడు కూడా గుమ్మంలోనే కదలకుండా నిలబడిపోయాడు. ఆ హోరులో సెరిజావా గొంతు ఎక్కడుందో సెరిజావాకే వినిపించలేదు. జీవితంలో మొదటిసారి అతను పాటను చివరిదాకా పాడాడు.

ఆ రోజు నుంచి కంపెనీ గీతం సెరిజావాదే అయింది. దానిమీద ఇంతవరకూ ఎవరూ కన్ను వెయ్యలేదు.